గడ్డకట్టిన కుడుముకు ఎంత ఆవిరి కావాలి?

భాద్రపద శుద్ధ చవితి వచ్చిందంటే బందరులోనూ, గుడివాడలోనూ, దివిసీమ పల్లెలలోనూ పండుగ చేసుకునే ఇళ్లలో పొయ్యిమీద ఆవిరి గిన్నె ఎక్కుతుంది. ఉండ్రాళ్లు, కుడుములు, కొబ్బరి లౌజు పెట్టిన జిల్లేడుకాయలు పూజవేళకు సిద్ధం కావాలి. ఒకప్పుడు ఇవన్నీ తెల్లవారుజామున లేచి చేసుకునేవారు. ఇప్పుడు ఉద్యోగాలకు వెళ్లే ఇల్లాండ్రు కొందరు వాటిని రెండు మూడు రోజులు ముందుగానే చుట్టి, ఫ్రీజరులో గడ్డకట్టించి, పండుగనాడు తీసి ఆవిరి పడుతున్నారు. పండుగతో నిమిత్తం లేకుండా కోడిమాంసం, రొయ్యలు, కూరగాయలు కూరిన మోమోలు కూడా గడ్డకట్టిన రూపంలో పొట్లాలలో దొరుకుతున్నాయి. మోమో అన్నా జిల్లేడుకాయ అన్నా శాస్త్రదృష్టికి వస్తువు ఒక్కటే: పైన పిండి తొడుగు, లోన పూర్ణం, చుట్టూ ఆవిరి.

అయితే గడ్డకట్టిన కుడుమును వండినప్పుడు మూడు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. తొడుగు బీటలువారి పూర్ణం కారిపోతుంది. లేదా అడుగు జావలాగా మెత్తబడి గిన్నెకు అంటుకుపోతుంది. లేదా పైన పొగలు కక్కుతున్న కుడుమును కొరికి చూస్తే నడుమ చల్లగా ఉంటుంది. మొదటి రెండూ రుచికి సంబంధించినవి. మూడవది ప్రాణానికి సంబంధించినది. పూర్ణం రొయ్యలదో కోడిమాంసానిదో అయితే మరీ ముఖ్యం. చేయి తిరగకపోవడమే ఇందుకు కారణమని సాధారణంగా అనుకుంటారు. కాని అసలు కారణం హైస్కూలు విద్యార్థి ఉష్ణం గురించి చదివేటప్పుడు కంఠస్థం చేసే రెండు అంకెలలో ఉన్నది. ఒకటి 80, రెండవది 540.

ఆ అంకెల దగ్గరకు వెళ్లేముందు తొడుగు సంగతి కొంత తెలుసుకోవాలి. గోధుమపిండిని నీటితో తడిపి మర్దిస్తే అందులోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వలను అల్లుతాయి. మోమో తొడుగు పలుచగా సాగడానికి అదే ఆధారం. బియ్యపు పిండిలో అటువంటి వల ఏర్పడదు. చన్నీళ్లతో కలిపిన బియ్యపు పిండి ముద్దను సాగదీస్తే తునిగిపోతుంది. ఈ సంగతి వంటింటికి ఏనాడో తెలుసు. అందుకే జిల్లేడుకాయల పిండిని మరుగుతున్న నీళ్లలో పోసి, కలియబెట్టి, కొంతసేపు మూతపెట్టి, చేయి పట్టగలిగినంత వేడి ఉండగానే మర్దిస్తారు. ఇందులో జరిగేదేమి? బియ్యంలోని పిండిపదార్థం సూక్ష్మమైన రేణువుల రూపంలో ఉంటుంది. సుమారు 65 నుంచి 78 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య, వరి రకాన్ని బట్టి, ఈ రేణువులు నీటిని పీల్చి ఉబ్బి, తమ లోపలి క్రమమైన అమరికను పోగొట్టుకొని జిగురుగా మారతాయి. మరుగునీటి వేడికి కొంత పిండి ఇలా జిగురై, మిగిలిన పచ్చిపిండిని అంటిపెట్టుకొని ఉంటుంది. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని బియ్యంలో సగం ఉడికిన పిండి చేస్తున్నదన్నమాట. నీళ్లు సరిగా మరగకముందే పిండి పోస్తే ఈ జిగురు చాలినంత పుట్టదు. అటువంటి తొడుగు ఫ్రీజరు దాకా వెళ్లకుండానే పగులుతుంది.

ఇక గడ్డకట్టడం. నీరు మంచుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరుగుతుందని విద్యార్థులకు తెలిసినదే. కుడుములో మొదట గడ్డకట్టేది తొడుగు. అది బిగిసిన తరువాత లోపలి పూర్ణంలోని నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది. పోవడానికి చోటు లేక తొడుగును లోపలినుంచి తోస్తుంది. సన్నని బీటలు అప్పుడే పడతాయి. పైకి కనబడేది మాత్రం ఆవిరి పట్టినప్పుడు. నీళ్లు ఎక్కువగా ఉన్న కూరగాయల పూర్ణంలో ఈ బాధ ఎక్కువ. బెల్లం బాగా పట్టిన కొబ్బరి లౌజులో తక్కువ. ఏలనగా చక్కెర కరిగిన నీరు సున్నా డిగ్రీలకు చాలా దిగువన గాని గడ్డకట్టదు, అప్పుడైనా పూర్తిగా కట్టదు. కనుక లౌజును బాగా దగ్గరపడేదాకా ఉడికించాలని పెద్దవాళ్లు చెప్పే మాటకు ఫ్రీజరు కాలంలో మరింత విలువ వచ్చింది.

గడ్డకట్టే వేగం కూడా లెక్కలోకి వస్తుంది. చల్లదనం మెల్లగా తగిలితే మంచు స్ఫటికాలు కొద్దిపాటిగా పుట్టి పెద్దవిగా పెరుగుతాయి. త్వరగా తగిలితే లెక్కకు మించి పుట్టి చిన్నవిగానే నిలిచిపోతాయి. పెద్ద స్ఫటికాలు జీవకణాల గోడలను చీల్చివేస్తాయి. కరిగినప్పుడు రసమంతా కారిపోతుంది. లాబ్రడార్ ప్రాంతంలో 1912 తరువాత కొన్ని సంవత్సరాలు గడిపిన అమెరికనుడు క్లారెన్స్ బర్డ్‌సై, అక్కడి తీవ్రమైన చలిలో పట్టిన చేప పట్టినట్లే గడ్డకట్టడం, నెలల తరువాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. ఆ పరిశీలనతోనే 1920ల దశకంలో ఆయన త్వరిత శీతలీకరణను పరిశ్రమగా రూపొందించాడు. ఈ సూత్రాన్ని చూడటానికి కృష్ణా జిల్లావారు లాబ్రడార్ దాకా పోనక్కరలేదు. డెల్టా చెరువులలో పెరిగిన రొయ్యలు ఎగుమతి కోసం శీతలీకరణ కర్మాగారాలలో, తీవ్రమైన చలిగాలి వీచే గదులలో, దేనికదిగా విడివిడిగా కొద్ది నిమిషాలలో గడ్డకడుతున్నాయి. ఇంటి ఫ్రీజరుకు అంత శక్తి లేదు. అయినా కుడుములను కుప్పగా డబ్బాలో పోయక, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి, రాయిలా బిగిసిన తరువాతనే సంచిలో వేసి గాలి పోయేలా మూతికడితే సగం మేలు కలుగుతుంది. గాలి తీసివేయకపోతే మంచు నేరుగా ఆవిరై పోయి, ఉత్పతనమనే ఈ చర్యవల్లనే, తొడుగు తెల్లని మచ్చలుపడి ఎండిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 30 గ్రాముల కుడుము ఒకటి ఉన్నదనుకోండి. అందులో 15 గ్రాములు నీరు, 15 గ్రాములు పిండి, బెల్లం మొదలైన గట్టి పదార్థం. ఫ్రీజరులో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీలు. మంచు విశిష్టోష్ణం సుమారు అర కెలోరీ. కనుక 15 గ్రాముల మంచును సున్నా డిగ్రీలకు తేవడానికి 135 కెలోరీలు కావాలి. దానిని కరిగించడానికి గ్రాముకు 80 చొప్పున 1,200. కరిగిన నీటిని నూరు డిగ్రీలకు తేవడానికి 1,500. గట్టి పదార్థం విశిష్టోష్ణం సుమారు 0.4 అనుకుంటే దానికి ఇంకొక 700 పైచిలుకు. అంతా కలిపి దాదాపు 3,540 కెలోరీలు. అప్పుడే చుట్టిన కుడుము, గది వేడి 30 డిగ్రీలలో ఉన్నది, ఇదే లెక్కన 1,470 కెలోరీలతో సరిపెట్టుకుంటుంది. కుడుములోని నీరంతా గడ్డకట్టదు కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా గడ్డకట్టినది తాజాదానికి రెండింతలకు మించిన ఉష్ణాన్ని అడుగుతున్నదనే సంగతి స్పష్టం. ఆ అధికంలో సగానికి పైగా కేవలం మంచు కరగడానికే పోతుంది. ఆ సేపంతా లోపలి ఉష్ణోగ్రత సున్నా దగ్గరే తచ్చాడుతుంది. పైన పొగలు, నడుమ చలి అనే విచిత్రానికి మూలం ఇదే.

దీనికి తోడు ఇంకొక విశేషం ఉన్నది. మంచు నీటికంటే సుమారు నాలుగు రెట్లు మెరుగైన ఉష్ణవాహకం. కుడుము పైపొర కరిగిన కొద్దీ మంచు స్థానంలో నీరు వచ్చి చేరుతుంది. ఉష్ణం లోపలికి పోవలసిన దారి రానురాను ఇరుకవుతుందన్నమాట. అందుకే ఒక వస్తువు గడ్డకట్టడానికి పట్టినదానికంటే కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. మందం సంగతి కూడా మరువరాదు. మందం రెట్టింపైతే లోపలికి వేడి చేరే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది. గడ్డకట్టించదలచిన కుడుములను చిన్నవిగా, కాస్త బల్లపరుపుగా చుట్టడం ఇందువల్లనే తెలివైన పని. మైక్రోవేవ్ పొయ్యితో ఈ చిక్కు తీరుతుందనుకోవడం పొరపాటు. ఆ తరంగాలను నీరు పీల్చుకున్నంతగా మంచు పీల్చుకోదు. ముందు కరిగినచోటు సలసలా కాగుతుంటే పక్కనే గడ్డ అలాగే ఉంటుంది.

ఆవిరి ఈ ఉష్ణాన్ని ఎలా అందిస్తుంది? ఇక్కడ 540 వస్తుంది. ఒక గ్రాము ఆవిరి చల్లని కుడుమును తాకి నీరుగా మారినప్పుడు 540 కెలోరీలను వదలిపెడుతుంది. నూరు డిగ్రీల నీటికంటే నూరు డిగ్రీల ఆవిరి చేతిని ఎక్కువగా కాల్చడానికి కారణం అదే. 3,540 ని 540 చేత భాగిస్తే సుమారు ఆరున్నర వస్తుంది. అంటే గడ్డకట్టిన ప్రతి కుడుము మీద ఆరున్నర గ్రాముల నీరు పేరుకుంటున్నది! తాజా కుడుము మీద రెండుముప్పాతిక గ్రాములకు మించదు. డజను కుడుములు పెడితే దాదాపు 80 గ్రాముల నీరు, చిన్న టీ గ్లాసెడు, తొడుగులమీదనే పుట్టి అడుగుకు జారుతుంది. అడుగు జావ కావడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ నీటికి దారి చూపడమే వంటలోని కిటుకు. ఈ విషయంలో పాతకాలపు వాసెన గిన్నెకు సాటి లేదు. గిన్నెలో సగానికి నీళ్లుపోసి, మూతికి తడిపి పిండిన నూలు గుడ్డను బిగించి కట్టి, దానిమీద మినపపిండి పోసి ఆవిరి కుడుము వండడం తీరాంధ్రలో అనూచానంగా ఉన్నది. గుడ్డ ఆవిరిని పైకి పోనిస్తుంది. పుట్టిన నీటిని పీల్చి కిందికి జార్చుతుంది. ఇడ్లీ రేకుల గుంటలకు చిల్లులు ఉన్నా, గుంట కనుక నీరు కొంత అడుగున నిలుస్తుంది. గడ్డకట్టిన కుడుములను గుంటలలో పెట్టడంకంటే, చిల్లుల పళ్లెంమీద తడిగుడ్డ పరచి దూరదూరంగా పేర్చడం మేలు. అరటాకు వేసేవారు ఆకును నిండుగా పరచక, ముక్కలుగా కోసి ఒక్కొక్క కుడుము కిందనే ఉంచాలి. లేకపోతే ఆవిరి దారి మూసుకుపోతుంది. మూతనుండి కారే చుక్కలు మరొక బెడద. మూతను గుడ్డతో చుట్టి ముడివేస్తే చుక్కలు పడవు.

గడ్డను ముందుగా కరగనిచ్చి పెడితే ఈ తిప్పలన్నీ తప్పుతాయి కదా అని తోచవచ్చు. తప్పవు, పెరుగుతాయి. కరిగిన పూర్ణంలోని నీరు తొడుగులోకి ఇంకి దానిని నానబెడుతుంది. గడ్డనుండి తీసినదానిని తీసినట్లే ఆవిరిలో పెడితే, లోపలి మంచు కరగకముందే పైతొడుగు ఉడికి బిగుస్తుంది. ఆ తరువాత లోన కరిగిన నీరు దానిని అంతగా చెరచలేదు. కాకపోతే గిన్నెనుండి ఆవిరి ధారగా వెలువడిన తరువాతనే పళ్లెం పెట్టాలి. అంతకుముందు గిన్నెలో గాలి మిగిలి ఉంటుంది, గాలి కలిసిన ఆవిరి వేడి నూరు డిగ్రీలకు రాదు. మంట తగ్గించరాదు. తాజా కుడుము పది నిమిషాలలో ఉడికితే గడ్డకట్టినదానికి సగం కాలం అదనంగా ఇచ్చి, ఒకటి కోసి చూడటం ఉచితం. ప్రెషర్ కుక్కరులో ఆవిరి పట్టేవారు వెయిటు తీసివేయడం కూడా అర్థం ఉన్న అలవాటే. పీడనం హఠాత్తుగా తగ్గితే నూరు డిగ్రీలకు మించి కాగిన లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై తొడుగును చీల్చుకొని వస్తుంది.

ఆవిరికి బదులు నీళ్లలో ఉడికించేవారు ఇంకొక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన కుడుము ఒకటి 70 డిగ్రీలకు చేరడానికి సుమారు 2,900 కెలోరీలు పడుతుంది. పది కుడుములకు 29,000. లీటరు మరుగునీరు నూరునుండి 70 డిగ్రీలకు దిగితే ఇచ్చేది 30,000. అంటే లీటరు నీటిలో పది కుడుములు ఒక్కసారిగా వేస్తే, పొయ్యి సాయం లేకపోయినట్లయితే, నీరూ కుడుములూ 70 డిగ్రీల దగ్గర నిలిచిపోతాయి. పిండి జిగురు కావడానికి అది అంచున ఉన్న వేడి. ఈలోగా తొడుగులోని పచ్చిపిండి నీటిలో కలిసిపోతుంది. పాలతాలికలను పాలు పొంగుతున్నప్పుడు కొద్దికొద్దిగా జారవిడవడం ఎందుకో ఇప్పుడు బోధపడుతుంది. చైనాలో కుడుములు ఉడికించేవారు నీరు మరిగినప్పుడల్లా కొంచెం చన్నీళ్లు పోస్తారు, మామూలుగా మూడుసార్లు. అది వేడి తగ్గించడానికి కాదు. తెర్లే నీటి తాకిడికి తొడుగు చిరగకుండా లోపలికి వేడి ఇంకే వ్యవధి ఇవ్వడానికి.

వండి మిగిలినవాటి మాట వేరు. ఉడికిన పిండి చల్లారిన కొద్దీ మళ్లీ పూర్వపు అమరిక వైపు మరలుతుంది. పిండిపదార్థంలోని తిన్నని గొలుసులైన అమైలోజు అణువులు కొద్ది గంటలలోనే, కొమ్మలు కొమ్మలుగా ఉండే అమైలోపెక్టిన్ అణువులు రోజులమీద, దగ్గరకు చేరి గట్టిపడతాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, మారుటేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వంటి రకాలలో అమైలోజు పాలు తగినంత ఉన్నది. అన్నం పొడిపొడిగా రావడానికి అది గుణం. కుడుము మరునాటికి రబ్బరులాగ బిగియడానికి అదే దోషం. ఈశాన్య రాష్ట్రాలలోని జిగట బియ్యంలో అమైలోజు దాదాపు లేదు. ఇందులో ఆశ్చర్యమేమంటే, ఈ బిగుసుకోవడం సున్నాకు కొంచెం ఎగువన, అనగా ఫ్రిజ్ కింది అరలో ఉండే నాలుగైదు డిగ్రీల దగ్గర, అన్నిటికంటే వేగంగా సాగుతుంది. ఫ్రీజరులో దాదాపు ఆగిపోతుంది. కనుక వండిన కుడుములు మెత్తదనం చెడకుండా నిలవాలంటే కింది అరకు కాదు, ఫ్రీజరుకే పోవాలి. మళ్లీ ఆవిరి పడితే 60 డిగ్రీలు దాటిన తరువాత అమైలోపెక్టిన్ తిరిగి సడలి, మెత్తదనం చాలావరకు వస్తుంది.

మరి గట్టిపడతాయని బయటనే ఉంచేవారి సంగతి? భాద్రపదపు ఉక్కలో ఇది నిజంగా ప్రమాదకరం. చైనాలోని తుర్ఫాన్ దగ్గర ఆస్తానా సమాధులలో పన్నెండు పదమూడు వందల ఏండ్లనాటి కుడుములు ఎండి చెక్కుచెదరకుండా దొరికాయి. అది ఎడారి. సూక్ష్మజీవులకు నీరు కావాలి. అక్కడ లేదు, దివిసీమ గాలిలో కావలసినంత ఉన్నది. బియ్యంలో తరచుగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు నూరు డిగ్రీల ఆవిరికి చావవు. కుడుము గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేయగలవు. ఆ విషం తిరిగి ఆవిరి పట్టినంతమాత్రాన నశించదు. వేడిచేశాం గనుక భయం లేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. వండిన రెండు గంటలలో తినడమో, చల్లార్చి ఫ్రీజరులో పెట్టడమో చేయాలి. ఫ్రీజరు సైతం క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. మాంసం, రొయ్యలు కూరినవాటి నడిబొడ్డు 74 డిగ్రీలకు చేరితే గాని తినరాదు. వంట ఉష్ణమాపకం ఇప్పుడు అంత ఖరీదైన వస్తువు కాదు.

విద్యుత్తు పోయినప్పుడు ఏమి చేయాలో తీరప్రాంతంవారు ప్రత్యేకించి తెలుసుకోవాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1990 మే నెల తుఫాను చూసిన నేల ఇది; గాలివానకు తీగలు తెగితే రోజులతరబడి సరఫరా ఉండకపోవచ్చు. ఇల్లు విడిచి శిబిరానికి వెళ్లి తిరిగివచ్చినవారికి ఫ్రీజరులో కుడుములు మామూలుగానే గట్టిగా కనబడతాయి. నడుమ ఒకసారి కరిగి, కరెంటు వచ్చాక మళ్లీ గడ్డకట్టాయేమో ఎలా తెలుస్తుంది? ఇందుకొక సులువైన ఉపాయం ఉన్నది. గిన్నెడు నీటిని ఫ్రీజరులో గడ్డకట్టించి దానిపై ఒక రూపాయి బిళ్ల ఉంచాలి. తిరిగివచ్చి చూసినప్పుడు బిళ్ల పైననే ఉంటే మంచిదే. మంచు అడుగున కూరుకుపోయి ఉంటే అంతా కరిగి మళ్లీ బిగిసినదని అర్థం. ఆ పూర్ణాన్ని మోహమాటం లేకుండా పారవేయాలి. లోపల ఇంకా మంచు పలుకులు మిగిలి ఉండగా సరఫరా వస్తే మాత్రం తిరిగి గడ్డకట్టించుకోవచ్చు, తొడుగు కొంత చెడినా.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో పరీక్షించి చూపవచ్చు. ఒకే బరువు గల రెండు కుడుములు, ఒకటి గడ్డకట్టినది, ఒకటి తాజాది, ఒక సున్నితమైన త్రాసు, ఒక ఆవిరి గిన్నె ఉంటే చాలు. రెండింటినీ వేరువేరు చిన్న పళ్లేలలో, నీరు కారిపోకుండా, ఆవిరికి పెట్టి, మూత గుడ్డతో చుట్టి, ఉడికిన వెంటనే పళ్లెంతో సహా తూచాలి. పళ్లెం వేడెక్కడానికి పట్టిన ఆవిరి కూడా అందులో కలుస్తుంది కనుక, ఖాళీ పళ్లేన్ని విడిగా ఆవిరి పట్టి తూచి, ఆ హెచ్చును తీసివేయాలి. గడ్డకట్టినదాని బరువు ఎన్ని గ్రాములు హెచ్చినది, తాజాదాని బరువు ఎన్ని గ్రాములు హెచ్చినది విద్యార్థులే నల్లబల్లమీద వ్రాసి, ఆరున్నరతోనూ రెండుముప్పాతికతోనూ పోల్చి, తేడా ఎందుకు వచ్చినదో చర్చించవచ్చు. కుడుములు చల్లారకముందే చర్చ ముగిస్తే వారికే లాభం.